ఇరవయ్యేడు లైన్ల ఫోర్క్

రైల్వే రిజర్వేషన్ల కోసం క్రిస్ సంస్థ తయారుచేసిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ తొలిసారి పనిలోకి దిగింది సికింద్రాబాద్‌లో, 1994లో. ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు తర్వాత అందుకున్నాయి. 1999కల్లా ఐదు కేంద్రాలనూ కలిపేశారు. సికింద్రాబాద్ కౌంటర్లో నిలబడి హౌరాలో ఎక్కాల్సిన బండికి బెర్తు తీసుకునే రోజులు అలా వచ్చాయి. దానికి ముందున్న ‘ఇంప్రెస్’ను 1985-86లో ఢిల్లీలో పెట్టింది సీఎంసీ. ఆ కంపెనీ పరిశోధన కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉండేది.

ఈ రెండు వ్యవస్థలూ డిజిటల్ కంపెనీ కంప్యూటర్ల మీద, వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం కింద నడిచాయి. వీఎంఎస్‌లో ఫోర్క్ లేదు. యూనిక్స్ నేర్చుకున్న వాళ్లకు ఇది వింతగా తోస్తుంది, ఎందుకంటే యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్ పుట్టాలంటే మొదటి నుంచీ ఉన్న దారి ఫోర్కే.

ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రాం: దాని మెమరీ, అది తెరిచి పెట్టుకున్న ఫైళ్లు, దానికున్న హక్కులు, అన్నీ కలిపి. అది ఫోర్క్ అని పిలవగానే ఆపరేటింగ్ సిస్టం దానికి అచ్చుగుద్దినట్టు నకలు తీస్తుంది. అసలుది తల్లి, నకలు బిడ్డ. ఇద్దరూ అదే లైను నుంచి ముందుకు సాగుతారు. తల్లికి బిడ్డ నంబరు అందుతుంది, బిడ్డకు సున్నా. తేడా తెలిసేది ఆ సున్నాతోనే. తర్వాత బిడ్డ సాధారణంగా చేసే పని ఎగ్జెక్ అని పిలిచి, తెచ్చుకున్న మెమరీనంతా చెరిపేసి, వేరే ప్రోగ్రాంగా మారిపోవడం. ముందు నిలబడ్డాయన రిజర్వేషన్ ఫారాన్ని పొల్లుపోకుండా కాపీ చేసుకుని, అంతా కొట్టేసి, మన పేరు రాసుకున్నట్టు. తెల్ల ఫారం అడిగితే పోయేదిగా అనిపిస్తుంది.

అలా ఎందుకు అడగలేదో తెలియాలంటే 1969 నాటి బెల్ ల్యాబ్స్‌కు వెళ్లాలి. ఫోర్క్ ఊహ అప్పటికే ఉంది: మెల్విన్ కాన్వే 1963లో రాశాడు, బర్క్లీలో ప్రాజెక్ట్ జీనీ వాళ్లు ఒక రూపంలో అమలు చేశారు. కెన్ థాంప్సన్ దగ్గరున్నది పీడీపీ-7 అనే బుల్లి యంత్రం. అందులో ఒకసారికి ఒక ప్రాసెస్సే మెమరీలో ఉండేది, మిగతావి వంతు వచ్చేదాకా డిస్కు మీద పడి ఉండేవి. ప్రాసెస్‌ను డిస్కుకు రాసే కోడ్ ఎలాగూ ఉంది. నడుస్తున్నదాన్ని డిస్కుకు రాసి, మెమరీలో మిగిలినదాన్నే బిడ్డ అనుకుంటే సరి. ఫోర్క్ మొత్తం సరిగ్గా 27 లైన్ల అసెంబ్లీ కోడ్‌తో తేలిపోయిందని డెనిస్ రిచీ తర్వాత రాశాడు. సిద్ధాంతం కంటే సౌలభ్యమే ఎక్కువ పనిచేసిందన్నమాట.

సౌలభ్యం కోసం చేసినదానిలో అనుకోని అందం కూడా వచ్చింది. ఫోర్క్‌కూ ఎగ్జెక్‌కూ నడుమ దొరికే ఆ కాస్త వ్యవధిలో బిడ్డ తన పరిసరాలు సర్దుకోవచ్చు. ఔట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించాలా, పైపు తగిలించాలా, యూజర్ మారాలా? రోజూ వాడే మామూలు కాల్స్‌తోనే అన్నీ అయిపోతాయి. ఫోర్క్‌కు ఒక్క పరామితి కూడా అక్కర్లేదు. వీఎంఎస్‌లో ప్రాసెస్ సృష్టించే కాల్ దాదాపు డజను పరామితులు అడుగుతుంది. వీఎంఎస్ రూపకర్తల్లో ముఖ్యుడైన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి విండోస్ ఎన్‌టీ నిర్మించాడు. విండోస్‌లో ఆ పనిచేసే కాల్‌కు పది. యూనిక్స్ షెల్ అంత చిన్నగా, అంత శక్తిమంతంగా ఉండటానికి సగం కారణం ఆ వ్యవధే అని నా నమ్మకం.

యంత్రాలు పెరిగాక నకలు ఖరీదు తెలిసొచ్చింది. డిజిటల్ వారి వ్యాక్స్ యంత్రాల మీద వీఎంఎస్సే కాదు, బర్క్లీ వాళ్ల యూనిక్స్ కూడా నడిచేది. 1979లో వాళ్లు వీఫోర్క్ చేర్చారు: బిడ్డ తల్లి మెమరీనే వాడుకుంటుంది, ఎగ్జెక్ అనేదాకా తల్లి కదలదు. తర్వాతి యూనిక్స్‌లు మెమరీ ముక్కలైన పేజీలను వెంటనే కాపీ చేయడం మానేశాయి, ఎవరో ఒకరు రాసినప్పుడు ఆ ఒక్క పేజీకే నకలు తీస్తాయి. అయినా పేజీల పట్టికను మాత్రం కాపీ చేయక తప్పదు. 4 కిలోబైట్ల పేజీకి 8 బైట్ల చొప్పున 24 గిగాబైట్ల ప్రోగ్రాంకు ఆ పట్టికే 48 మెగాబైట్లు. మెమరీలో డేటా దాచే రెడిస్ ఈ ఫోర్క్‌తోనే తన స్నాప్‌షాట్ తీస్తుంది, పట్టిక కాపీ అయ్యేంతసేపు వచ్చినవాళ్లకు జవాబివ్వదు. ఎంత చక్కటి ఉపయోగమో అంత ఇబ్బంది.

ఖర్చు కంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఫోర్క్ మనం మరిచిపోయినవాటినీ కాపీ చేస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మూడు ఫోర్క్‌లు వరుసగా పెట్టి ఎన్ని ప్రాసెస్‌లు అని అడుగుతారు, ఎనిమిది అని రాసి మార్కులు తెచ్చుకుంటాం. అసలు ప్రశ్న అది కాదు. ఫోర్క్‌కు ముందు ప్రింట్ చేసిన ఒక లైను స్క్రీన్ మీద ఒకసారే కనిపించి, ఔట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లిస్తే రెండుసార్లు ఎందుకు పడుతుంది? ఫైలుకు వెళ్లేటప్పుడు ఆ లైను ఇంకా బఫర్లోనే ఉంటుంది, ఫోర్క్ దాన్నీ నకలు తీస్తుంది, ఇద్దరూ ఎవరికివారు రాసేస్తారు. టికెట్లు అచ్చువేసే చోట ఇలాంటిది ఎంత గొడవో చెప్పక్కర్లేదు. ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే థ్రెడ్లు వచ్చాక ఇది ముదిరింది. ఫోర్క్ పిలిచిన థ్రెడ్ ఒక్కటే బిడ్డలోకి వస్తుంది, మిగతా థ్రెడ్లు పట్టుకున్న తాళాలు మాత్రం పడినవి పడినట్టే వస్తాయి. తీసేవాడు లేడు, బిడ్డ అక్కడే ఆగిపోతుంది.

సికింద్రాబాద్‌లో ఈ బెడద లేదు. వీఎంఎస్‌లో ప్రాసెస్ పుట్టించడం బరువైన పని, దాని సీ లైబ్రరీ ఇచ్చింది కూడా వీఫోర్కే గానీ ఫోర్క్ కాదు. కాబట్టి అక్కడి వాళ్లు ప్రాసెస్‌లను ముందే లేపి, ఎక్కువకాలం బతికించి పని చేయించుకునేవారు. కాన్సర్ట్ కింద డిజిటల్ వారి ఆర్‌టీఆర్ అనే లావాదేవీల రూటర్ ఉండేది. కౌంటర్ అడిగినదాన్ని అది నడుస్తున్న సర్వర్‌కు అందిస్తుంది, ఆ సర్వర్ పడిపోతే ఇంకొకటి అందుకుంటుంది. యూనిక్స్ అభిమానులు వీఎంఎస్‌ను మొరటుదనేవారు, ఈ విషయంలో ఆ మొరటుతనమే మేలు చేసిందంటాను.

2019లో ఆండ్రూ బామన్, జోనాథన్ అప్పవూ, ఓరన్ క్రీగర్, తిమొతీ రాస్కో కలిసి ఒక పత్రం రాశారు: ఫోర్క్ కాలం చెల్లిందనీ, కొత్త ప్రాసెస్‌కు, నకలు తీయకుండా నేరుగా పుట్టించే పోసిక్స్ స్పాన్ లాంటి కాల్స్ వాడాలనీ, కాలేజీల్లో ఫోర్క్‌ను గొప్ప ఆలోచనగా కాక చారిత్రక వస్తువుగా నేర్పాలనీ. చివరి మాట కొంచెం ఎక్కువే అనిపించింది. పైథాన్ మాత్రం వాళ్ల దారినే పట్టింది: మ్యాక్‌లో 2019లోనే, లినక్స్‌లో 2025లో వచ్చిన 3.14 నుంచి, మల్టీప్రాసెసింగ్‌లో ఫోర్క్‌ను అప్రమేయ పద్ధతిగా తీసేసింది.

చెల్లిందంటున్న ఫోర్కే ఆండ్రాయిడ్ ఫోన్‌ను లేపుతోంది. బూట్ అయినప్పుడు జైగోట్ అనే ప్రాసెస్ అన్ని యాప్‌లకూ కావాల్సిన లైబ్రరీలను ఒకేసారి మెమరీలోకి తెచ్చి కూర్చుంటుంది. మనం ఒక యాప్ తెరిస్తే జైగోట్ ఫోర్క్ అవుతుంది. లైబ్రరీలు మళ్లీ లోడ్ చేయనక్కర్లేదు, మార్చని పేజీలన్నీ ఉమ్మడి. టికెట్ బుక్ చేసే యాప్ క్షణాల్లో లేచేది అందుకే. ఇక్కడా ఒక మెలిక ఉంది. దాడి చేసేవాళ్లకు అందకుండా లైబ్రరీల చిరునామాలను ప్రాసెస్ ప్రాసెస్‌కూ మార్చాలని భద్రతా నిపుణులంటారు, ఒకే తల్లి నకళ్లయిన యాప్‌లన్నింటికీ అవి ఒకటిగానే వస్తాయి.