అగ్నిగర్భమునుండి వెలువడిన కార్బొనేటులు: బాస్ట్నసైట్ వర్గమునుగూర్చి అపోహలు, వాస్తవములు

కార్బొనేటు శిల యనగానే మన మనస్సున మెదలునది పలనాటి నాపరాయియో, కర్నూలు సీమ సున్నపురాయియో. పురాతన సముద్రగర్భమున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన ఈ శిలలను నిత్యము చూచు మనకు, కార్బొనేటులన్నియు నీటిలోనే పుట్టునను నమ్మకము కలుగుట సహజము. కాని సీరియమ్, లాంథనమ్ మున్నగు విరళ మృత్తికా లోహములతో నిండిన బాస్ట్నసైట్ వర్గపు ఖనిజములయెడ ఈ నమ్మకము నిలువదు. భూగర్భమున మిక్కిలి లోతునుండి పైకెగయు శిలాద్రవములలో కొన్ని, సిలికాకు మాఱుగా కార్బొనేటుతోనే నిండియుండును. అట్టి ద్రవము ఘనీభవించగా ఏర్పడు శిలయే కార్బొనటైట్. సున్నపుబట్టీలో వేడికి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మాత్రమే మిగులుచుండగా, శిలను కరగించునంతటి వేడిమిలో కార్బొనేటు ఎట్లు నిలుచునని శాస్త్రజ్ఞులలోనే పెక్కురు శంకించిరి. ఆ శంక నిరాధారమైనది కాదు; అయితే భూగర్భమునందలి పీడనము ఆ వాయువును వెడలనీయదని ప్రయోగములు తెలిపినవి. 1960లో, నేటి టాంజానియాయందలి ఓల్ డోయిన్యో లెంగాయ్ అగ్నిపర్వత బిలమున సోడియమ్ కార్బొనేటు లావా ప్రవహించుచుండుట ప్రత్యక్షముగా గుర్తింపబడిన పిమ్మట ఆ వివాదము చాలవఱకు చల్లారినది.

విరళ మృత్తికల అయానులు పెద్దవి; సామాన్య ఖనిజముల స్ఫటికములలో వానికి చోటు చాలదు. అందుచే అవి కడపట మిగిలిన ద్రవమున ఫ్లోరిన్‌తో కూడి పోగుపడి, తేనెరంగు మొదలు ఎఱ్ఱనిగోధుమవర్ణము వఱకుగల బాస్ట్నసైట్‌గా స్ఫటికీభవించును. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ వద్ద సుమారు 140 కోట్ల సంవత్సరముల నాటి కార్బొనటైట్‌లో ఇట్టిదే జరిగినది. అట్లని అగ్నిశిలయే ఏకైక జన్మస్థానమనుట మఱియొక అపోహ యగును. ఈ వర్గమునకే చెందిన పారిసైట్, కొలంబియాలోని మూజో పచ్చల గనులలో, నల్లని షేలు పొరలగుండ పాఱిన వేడి లవణజలములవలన ఏర్పడినది. పారిసైట్, సింకిసైట్‌లు బాస్ట్నసైట్‌కు సోదరులవంటివి. పుస్తకపు పుటలనడుమ వేఱు పుటలు చేర్చినట్లు, బాస్ట్నసైట్ పొరలనడుమ కాల్షియమ్ కార్బొనేటు పొరలు చేరుటచే ఇవి యేర్పడును. సున్నపురాయిపైవలె చల్లని ఆమ్లపు చుక్కకు వెంటనే నురుగు రాలేదని వీనిని కార్బొనేటులు కావని త్రోసివేయరాదు. వేడి ఆమ్లమునందును ఇవి మెల్లమెల్లగానే కరగును.

విరళ మృత్తికా లోహములు బంగారముకంటె అపురూపములనుమాటయు ప్రచారమున నున్నది. భూమి పైపొరయందు సీరియమ్ పదిలక్షల పాళ్లకు సుమారు 60 పాళ్లు కలదు. అనగా రాగికి దీటైనదే. కొఱత రాశిలో కాదు, ఒక్కచోట చేరుటలో నున్నది. చేరినచోటనైనను అన్నియు కలగలిసియే యుండును. మౌంటెన్ పాస్ ఖనిజపు విరళ మృత్తికలలో సీరియమ్ ఇంచుమించు సగము కాగా, రంగుల టెలివిజను తెరకు ఎఱుపు నొసగిన యురోపియమ్ వేయింటికి ఒక పాలు మాత్రమే. గుణములలో ఒకదానినొకటి పోలియుండు ఈ లోహములను విడదీయుటయే త్రవ్వకముకంటె కఠినమైన కార్యము.

1949లో యురేనియమ్‌ను అన్వేషించువారి గైగర్ యంత్రమే మౌంటెన్ పాస్ నిక్షేపమును పట్టియిచ్చుటచే, ఈ ఖనిజము ప్రమాదకరమగు కిరణములను వెదజల్లునని భయపడువారు కలరు. బాస్ట్నసైట్‌లో అట్టి కిరణములనిచ్చు థోరియమ్ సాధారణముగా అల్పమే. థోరియమ్ మెండుగా నుండునది మోనజైట్. మన భీమునిపట్టణపు సముద్రతీరపు ఇసుకలో దొరకునది అదియే. అది ఫాస్ఫేటు, గట్టిది, వాతావరణపు తాకిడికి కరగనిది. కావుననే కొండల శిలలు శిథిలమైనను చెక్కుచెదరక ఏళ్లవెంట కొట్టుకొనివచ్చి తీరమున నిలిచినది. బాస్ట్నసైట్ మెత్తనిది, దూరప్రయాణమున అరిగి, నేలయందలి ఆమ్లజలములకు కరగి, తన లోహములను తఱచుగా అచ్చటి ఫాస్ఫేటులకే అప్పగించును. కనుక దానిని వెదుకవలసినది ఇసుకతిన్నెలలో కాదు, మూలశిలలోనే.