మాట్లాడే పుస్తకం సముద్రం దాటేదెలా?

మీ పిన్నిగారి కుటుంబం అమెరికాలో స్థిరపడిందనుకుందాం. వాళ్ళమ్మాయి, అంటే మీ చెల్లెలు, అక్కడే పుట్టింది. ఇంట్లో అమ్మా నాన్నా తెలుగులోనే మాట్లాడుకుంటారు కనుక తెలుగు మాట చక్కగా అర్థమవుతుంది. కాని తెలుగు అక్షరాలు రావు. కథల పుస్తకం చేతికిస్తే బొమ్మలు మాత్రమే చూస్తుంది. అదే కథను ఎవరైనా చదివి వినిపిస్తే కదలకుండా కూర్చుని వింటుంది.

ఇలాంటి వాళ్ళ కోసమే అన్నట్టు ఇప్పుడు వినే పుస్తకాలు వచ్చాయి. పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకరు చదువుతూ ఉంటే రికార్డు చేస్తారు. నెలకింత అని చందా కడితే ఆ రికార్డులను ఫోనులో వినవచ్చు. మీరిక్కడ మన దేశపు జాబితాలో ఒక మంచి పుస్తకం చూసి ఆ పేరు చెల్లెలికి చెప్పారు. ఆమె అక్కడ వెతికింది. "ఈ పుస్తకం మీ దేశంలో లభించదు" అని జవాబొచ్చింది! తిరిగి ఆమె చెప్పిన ఇంగ్లీషు పుస్తకం కోసం మీరు వెతికితే మీకూ అదే జవాబు.

సంస్థ ఒకటే, యంత్రాలూ ఒకటే. మరి పుస్తకం ఎక్కడ ఆగింది? సముద్రం అడ్డొచ్చిందా? పదండి, ఈ మాట్లాడే పుస్తకం వెంట మనమూ ఒకసారి ప్రయాణం చేద్దాం.

రేకు మీద గొంతు

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫు అనే యంత్రం తయారుచేశాడు. తిరిగే స్తూపం చుట్టూ పల్చని తగరపు రేకు చుట్టి, గొంతు అదురుకు కదిలే సూదితో ఆ రేకు మీద నొక్కులు పడేలా చేశాడు. సూదిని మళ్ళీ ఆ నొక్కుల మీదుగానే నడిపితే గొంతు తిరిగి వినిపించింది. ఈ యంత్రం ఎందుకు పనికొస్తుందో 1878లో ఒక పత్రికలో రాస్తూ ఎడిసన్, చూపులేని వాళ్ళకు శ్రమ లేకుండా పుస్తకం చదివి పెట్టడం కూడా దాని ఉపయోగాలలో ఒకటని చెప్పాడు. అంటే వినే పుస్తకమనే ఆలోచన ఫోనోగ్రాఫుతోపాటే పుట్టిందన్నమాట.

ఆలోచన పుట్టింది కాని పుస్తకం పుట్టలేదు. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. ఒక నవల చదవడానికి 10 గంటలు, అంటే 600 నిమిషాలు పడుతుందనుకోండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు గ్రామఫోను రికార్డు ఒక వైపున సుమారు 4 నిమిషాలే పాడుతుంది. ఆ లెక్కన ఒక్క నవలకు 75 రికార్డులు కావాలి! వాటిని మోయడానికే ఒక మనిషి కావాలి.

దారి వెతికినవారు చూపులేని వారి సంస్థలే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎందరో యువకులు కళ్ళు పోగొట్టుకున్నారు. పెద్ద వయసులో చూపు పోయినవారికి వేళ్ళతో బ్రెయిలీ నేర్చుకోవడం కష్టం. రికార్డును నెమ్మదిగా తిప్పి, గాడులను దగ్గర దగ్గరగా గీస్తే ఎక్కువసేపు పాడించవచ్చని గుర్తించారు. 1934లో అమెరికాలోనూ, 1935లో బ్రిటన్‌లోనూ "మాట్లాడే పుస్తకాలు" వెలువడ్డాయి. బ్రిటన్ రికార్డులు నిమిషానికి 24 చుట్లే తిరిగేవి. ఒక్కో వైపు సుమారు 25 నిమిషాలు నడిచేది. మన 10 గంటల నవల 12 రికార్డులలో ఇమిడిపోయింది. 75 ఎక్కడ, 12 ఎక్కడ!

ఆ తరువాత 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టు తెచ్చింది. పుస్తకం జేబులోకి వచ్చింది. 1990 దశకంలో కంప్యూటర్లు ఇళ్ళకు చేరాక టేపు కూడా అక్కర్లేకుండా పోయింది.

గొంతు అంకెలైతే

కంప్యూటరుకు గొంతు తెలియదు, అంకెలే తెలుసు. అందుచేత ముందు గొంతును అంకెలుగా మార్చాలి. మైకులో ధ్వని తరంగం విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తు ఎంత ఉందో సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాసుకుంటారు. బిట్ అంటే సున్న గాని, ఒకటి గాని. 8 బిట్లు కలిస్తే ఒక బైట్.

ఇన్నిసార్లు ఎందుకు కొలవాలంటారా? మన చెవి సెకనుకు 20 నుంచి సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఏ కంపనాన్నయినా సరిగ్గా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అందుకే 40,000 దాటిన సంఖ్యను ఎంచుకున్నారు.

44,100ను 16తో గుణిస్తే సెకనుకు 7,05,600 బిట్లు. మన 10 గంటల నవలలో 36,000 సెకన్లు ఉన్నాయి. గుణించి 8తో భాగించండి. 317 కోట్ల బైట్లకు పైన తేలుతుంది! ఇది చాలా పెద్ద మూట. దాన్ని నొక్కి చిన్నది చేయాలి.

ఇక్కడ శాస్త్రజ్ఞులు మన చెవి బలహీనతనే వాడుకున్నారు. రైలు కూత వేస్తుంటే పక్కనున్న స్నేహితుడు గుసగుసలాడిన మాట మీకు వినబడుతుందా? వినబడదు. పెద్ద ధ్వని తన దగ్గరి చిన్న ధ్వనిని కప్పేస్తుంది. ఎలాగూ వినబడనిదాన్ని రాసుకోవడం దేనికి? ఈ సూత్రంతోనే జర్మనీ శాస్త్రజ్ఞులు ముందుండి ఎం.పి.3 పద్ధతిని రూపొందించారు. అది 1990 దశకం మొదట్లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఈ తరహా పద్ధతులతో సెకనుకు 64,000 బిట్లు ఉంటే మాట స్పష్టంగా వినబడుతుంది. ఇప్పుడు మన నవల 28 కోట్ల 80 లక్షల బైట్లే. పదకొండో వంతుకు తగ్గిందన్నమాట.

సముద్రం కింద దారి

ఇక ప్రయాణం. అమెరికాకు వెళ్ళే మాట ఉపగ్రహం మీదుగా వెళుతుందని చాలామంది అనుకుంటారు. ఖండాల మధ్య సమాచారంలో అధికభాగం వెళ్ళేది సముద్రం అడుగున పరచిన తీగల గుండా. ఆ తీగల లోపల వెంట్రుకలంత సన్నని గాజు పోగులు ఉంటాయి. వాటిలో కాంతి మిణుకుమిణుకుమంటూ బిట్లను మోసుకుపోతుంది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. దారి 20,000 కిలోమీటర్లున్నా పట్టే కాలం సెకనులో పదో వంతే.

పుస్తకం మొత్తం ఒక్కసారిగా రాదు లెండి. చిన్న చిన్న పొట్లాలుగా విడగొట్టి, ఒక్కో పొట్లం మీద చిరునామా రాసి పంపుతారు. సెకనుకు 2 కోట్ల బిట్లు వచ్చే కనెక్షను ఉంటే మన నవల రెండు నిమిషాలలోపే దిగిపోతుంది. ఒకప్పుడు 12 రికార్డుల పెట్టె ఓడలో వెళ్ళడానికి వారాలు పట్టేది!

కాబట్టి ఆపింది సముద్రం కాదు, యంత్రం కాదు. మరి ఎవరు?

ఒక పుస్తకం, ఎన్నో హక్కులు

పుస్తకం రాసిన వారికి దాని మీద హక్కు ఉంటుంది. దానినే కాపీరైటు అంటాం. ఇది ఒకే ముద్ద కాదు. మామిడితోట యజమాని ఒక వరుస చెట్ల కాపు ఒకరికీ, ఇంకో వరుస కాపు మరొకరికీ గుత్తకు ఇచ్చినట్టు, రచయిత అచ్చువేసే హక్కు ఒకరికీ, చదివి రికార్డు చేసే హక్కు ఇంకొకరికీ ఇవ్వవచ్చు. భారతదేశానికి ఒకరికీ, అమెరికాకు మరొకరికీ ఇవ్వవచ్చు. ఏ దేశానికి హక్కు కొన్నవారు ఆ దేశంలోనే అమ్మాలి.

రచయితకూ, చదివిన వారికీ కూడు పెట్టేవి ఈ హక్కులే. అందువల్ల ఈ ఏర్పాటును అన్యాయమని కొట్టిపారెయ్యలేం. కాని చిక్కు ఎక్కడొస్తుందంటే, తెలుగు పుస్తకాన్ని రికార్డు చేసినవారు మన దేశపు హక్కు మాత్రమే తీసుకుని ఊరుకుంటే, అమెరికాలో ఉన్న మీ చెల్లెలికి దాన్ని అమ్మగలిగిన వారు ఎవరూ ఉండరు. కొనేవాళ్ళున్నారు, సరుకుంది, అంగడి లేదు!

స్వీడన్‌లో 2005లో మొదలైన స్టోరీటెల్ 2017లోనూ, అమెరికాలో 1995లో స్థాపించిన ఆడిబుల్ 2018లోనూ మన దేశానికి విడిగా అంగళ్ళు తెరిచాయి. సంస్థ పేరు ఒకటే అయినా దేశదేశానికీ జాబితా వేరుగా ఉండడానికి కారణం ఇదే. మీరే దేశంలో ఉన్నారో సంస్థకు ఎలా తెలుస్తుంది? ఫోను ఇంటర్నెట్టులో చేరగానే దానికొక సంఖ్యా చిరునామా వస్తుంది. ఆ సంఖ్యల వరసను బట్టి దేశం తెలుస్తుంది. డబ్బు కట్టే కార్డు ఏ దేశపు బ్యాంకుదో కూడా చూస్తారు. ఇంకో దేశంలో ఉన్నట్టు మభ్యపెట్టే ఉపాయాలు లేకపోలేదు గాని, అవి చందా ఒప్పందానికి విరుద్ధం. ఖాతాయే మూతపడవచ్చు.

పరదేశపు చందాదారు చూసుకోవలసినవి

విదేశంలో ఉన్నవారు గాని, విదేశపు అంగడిలో చేరేవారు గాని డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, కావలసిన పుస్తకాలు ఆ దేశపు జాబితాలో ఉన్నాయా? చందా కట్టకముందే వెతికి చూడాలి.

రెండోది, డబ్బు. డాలర్లలో కట్టే చందాకు మారకపు రేటుతోపాటు బ్యాంకులు అదనపు రుసుము కూడా వేస్తుంటాయి. కార్డునుంచి నెలనెలా దానంతటదే డబ్బు పోయే పద్ధతికి ముందుగా కబురు చేసి ఖాతాదారు సమ్మతి తీసుకోవాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన మన దేశంలో 2021 అక్టోబరునుంచి అమలైంది.

మూడోది, చందా మానేస్తే పుస్తకం ఏమవుతుంది? కొన్ని సంస్థల్లో విడిగా కొన్న పుస్తకాలు ఖాతాలో మిగులుతాయి. "ఎన్నయినా వినండి" అనే చందాలో మాత్రం గ్రంథాలయం తలుపు మూసినట్టే. రికార్డుకు సంకేతాలతో తాళం వేసి ఉంటుంది గనుక సంస్థవారి యాప్ బయట అది పలకదు. మీరు కొన్నది పుస్తకాన్ని కాదు, వినడానికి అనుమతిని.

నాలుగోది, దేశం మారితే ఖాతా కూడా మార్చుకోవచ్చా, అప్పటికి మిగిలిన చందా ఏమవుతుంది? ఇల్లు మారేముందే అడిగి తెలుసుకోవడం మేలు.

చూపులేని వారు గెలిచిన పోరాటం

ఈ గోడ వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది చూపులేని వారే. ప్రపంచంలో అచ్చయ్యే పుస్తకాలలో నూటికి పది కూడా వారు చదవగల రూపంలో రావడం లేదని అంచనా. దీనిని "పుస్తకాల కరువు" అన్నారు. స్పెయిన్‌లోని అంధుల సంస్థ దగ్గర పెద్ద భాండారమే ఉండేది. అదే స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాలకు వాటిని పంపడానికి చట్టం ఒప్పేది కాదు. ఒకే పుస్తకాన్ని దేశదేశాల ధర్మసంస్థలు ఎవరికి వారే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసుకోవలసి వచ్చేది. డబ్బూ, శ్రమా రెండూ వృథా.

ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, 2013 జూన్ 27న మొరాకో దేశంలోని మరకేష్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. చూపులేని వారికోసం, అచ్చు చదవలేని ఇతరులకోసం పుస్తకాన్ని వారికి వీలైన రూపంలోకి మార్చవచ్చు, అలా మార్చినదాన్ని ఒప్పందంలో చేరిన మరో దేశానికి పంపవచ్చు అన్నది దాని సారాంశం. ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించిన మొట్టమొదటి దేశం ఏదో తెలుసా? మన భారతదేశమే! 2014 జూన్‌లో ఆ పని చేసింది. అంతకుముందే, 2012లో, మన కాపీరైటు చట్టాన్ని ఇందుకు అనువుగా సవరించుకున్నాం. ఇరవై దేశాలు చేరాక 2016 సెప్టెంబరు 30న ఒప్పందం అమలులోకి వచ్చింది. ఆ ఏడాదే మన దేశంలో చూపులేని వారికోసం "సుగమ్య పుస్తకాలయ" అనే ఇంటర్నెట్టు గ్రంథాలయం ప్రారంభమైంది. మీ ఊళ్ళో చూపులేని విద్యార్థి ఎవరైనా ఉంటే ఈ సంగతి తప్పక చెప్పండి.

తాళం లేని పుస్తకాలు

కాపీరైటు కలకాలం ఉండదు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ళకు తీరిపోతుంది. యూరపు దేశాలలో 70 ఏళ్ళు. 1960లో మరణించిన ఒక రచయిత పుస్తకాలు ఇక్కడ 2021 జనవరి 1నుంచి అందరివీ అయ్యాయి. యూరపులో 2031 దాకా ఆగాలి. చూశారా, కాలానికి కూడా సరిహద్దులున్నాయి! ఒక జాగ్రత్త. పాత పుస్తకాన్ని ఎవరైనా కొత్తగా చదివి రికార్డు చేస్తే ఆ రికార్డుకు విడిగా హక్కు ఉంటుంది.

ఇలా అందరివీ అయిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి, ప్రపంచమంతటికీ ఉచితంగా ఇచ్చే లిబ్రివాక్స్ అనే ఉద్యమం 2005లో కెనడాలోని మాంట్రియల్‌లో మొదలైంది. చదివేవారు జీతగాళ్ళు కారు, మనలాంటి పాఠకులే.

మీరే చేసి చూడండి

గురజాడ అప్పారావుగారు 1915లో మరణించారు. వారి రచనల గడువు ఏనాడో తీరింది. 1910లో వచ్చిన వారి "దిద్దుబాటు" చిన్న కథ. తలుపులు వేసుకుని, పంకా ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకుని ఆ కథ చదివి రికార్డు చేయండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఫైలు ఎన్ని బైట్లుంది? దానిని కథ నడిచిన సెకన్లతో భాగించి, 8తో గుణిస్తే సెకనుకు ఎన్ని బిట్లో తేలుతుంది. 64,000 కంటే ఎక్కువా, తక్కువా? కథలోని గుర్తులను కూడా లెక్కపెట్టండి. కంప్యూటరులో ఒక్కో తెలుగు గుర్తుకు సాధారణంగా 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తును, ఒత్తుకు పెట్టే పొల్లును కూడా వేరుగా లెక్కించాలి. అక్షరాలలో ఉన్న కథకూ, గొంతులో ఉన్న కథకూ ఎన్ని రెట్లు తేడా ఉందో రాసుకోండి.

లెక్క అయ్యాక ఆ ఫైలును పారెయ్యకండి. అమెరికాలో ఉన్న చెల్లెలికి పంపండి. దానికి చందా లేదు, తాళం లేదు, ఏ దేశపు అనుమతీ అక్కర్లేదు. సెకనులో పదో వంతు కాలంలో మీ గొంతు సముద్రం దాటిపోతుంది. ఈసారి దారిలో ఆపేవారెవరూ ఉండరు.