గుడ్‌వుడ్ పందెములు

ఇంగ్లండు దక్షిణభాగమున, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థావరమొకదాని చుట్టునున్న బాట, 1948లో కారుపందెములకు వేదికయై, 1966లో మూతపడి, మరల 1998లో తెరవబడినది. ఆ పూర్వపు పద్దెనిమిదేండ్లనాటి కార్లే నేటికిని అచట పోటీపడుచుండ, ప్రేక్షకులు సైతము ఆనాటి వేషములతో విచ్చేయుదురు. అయినను అసలైన ఆకర్షణము వేషములయందు లేదు. నేటి పందెపుకారును గాలియొత్తిడి నేలకదిమి పట్టును. నాటి కారుకు ఆ యాసరా లేమిచే, సన్నని టైర్లపై నాలుగు చక్రములును ప్రక్కకు జారుచుండగా, చోదకుడు స్టీరింగుతోడను యాక్సిలరేటరుతోడను దానిని క్షణక్షణము సవరించుకొనుచు మలుపు దాటుట చూపరులకు స్పష్టముగా గోచరించును. మానవనైపుణ్యము ఇంత బాహాటముగా కనిపించు క్రీడలు అరుదు. అది ప్రాణాంతకమైన విద్యయును: మహాచోదకుడు స్టర్లింగ్ మాస్ 1962లో ఇచటనే ప్రమాదమునకు లోనై, నెలరోజులు స్పృహలేక పడియుండి, అగ్రశ్రేణి పందెములనుండి విరమించెను. ఆయనయే వార్ధక్యమున పాతకార్లను నడుపుటకై ఈ బాటకు మరల వచ్చెను.