కోలారు పెద్దవాళ్లకు దిక్కెవరు? అపోహలు – వాస్తవాలు

కోలారు బంగారు గనుల కథ చెప్పేవాళ్లు చాలామంది 2001 ఫిబ్రవరి 28 దగ్గర ఆపేస్తారు. ఆ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన రోజది. ఆ తర్వాత అక్కడే ఉండిపోయిన పెద్దవాళ్ల గురించి మాత్రం తలో మాట.

అపోహ: పిల్లలంతా బెంగళూరు వెళ్లిపోయారు, ముసలివాళ్లు ఒంటరైపోయారు.

వాస్తవం: వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, రోజూ వెళ్లి వచ్చేవాళ్లూ వేలల్లో ఉన్నారు. తెల్లవారకముందే మారికుప్పంలోనో ఊరగాంలోనో రైలెక్కితే ఇల్లు చేరేది చీకటిపడ్డాకే. ఆ పొద్దంతా పిల్లల్ని బడికి పంపేదీ, నీళ్లు పట్టేదీ తాతలూ అవ్వలే. 2017–18 నాటి జాతీయ వృద్ధుల సర్వే ‘లాసీ’ ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లలో ఒంటరిగా ఉంటున్నది సుమారు 6 శాతమే. పగలు ఇంట్లో ఎవరూ లేని ఒంటరితనం ఈ లెక్కకు అందదు, అది వేరే సంగతి.

అపోహ: పెద్దవాళ్లు సాయం పుచ్చుకునేవాళ్లే.

వాస్తవం: గనుల ఊరు దాటితే, అదే కోలారు జిల్లాలో ములబాగిలు దగ్గరి కురుడుమలెకు జనం వచ్చేది సాలగ్రామ వినాయకుడి కోసం. చుట్టుపక్కల పల్లెల బతుకు మాత్రం పాలు, పట్టు మీద. కొడుకు కంపెనీ పనికి పోతే ఆవుకు మేత వేసి, డెయిరీకి పాలు పోసి వచ్చేది చాలా ఇళ్లలో ముసలివాళ్లే.

అపోహ: రక్తసంబంధం లేకపోతే ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: గని కార్మికుల లైన్ ఇళ్లలో తమిళం, తెలుగు, కన్నడం పక్కపక్క గోడల మధ్య పెరిగాయి. చాంపియన్ రీఫ్‌లో గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. ఉన్నట్టుండి బండ పేలే ఆ చోట పక్కవాడే దిక్కు. ఆ పరిచయాలు గనితోపాటు మూతపడలేదు. కార్మిక సంఘాలు మూసివేతపై పోరాడితే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇరుగుపొరుగు బలం కోలారుకే పరిమితం కాదు. ఉత్తర వేల్స్ పల్లెల్లో 1979 నుంచి వృద్ధుల్ని పరిశీలించిన పరిశోధకురాలు క్లేర్ వెంగర్ ఆసరా వలయాలను ఐదు రకాలుగా విడదీశారు. వాటిలో బంధువులు, స్నేహితులు, ఇరుగుపొరుగు కలిసిన వలయమే గట్టిదని తేలింది.

అపోహ: ఇరుగుపొరుగు ఉంటే ప్రభుత్వం అక్కర్లేదు.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. రాతిధూళి ఊపిరితిత్తుల్ని తినేసే సిలికోసిస్‌కు పొరుగింటి గంజి మందు కాదు. కర్ణాటకలో 65 దాటిన పేద వృద్ధులకు 2007 నుంచి సంధ్యా సురక్ష పింఛను ఉంది. మీ వీధిలో అర్హత ఉండీ అది అందని అవ్వ ఉంటే, ఆధార్, రేషన్ కార్డు తీసుకుని ఆమెను నాడకచేరి అనే స్థానిక రెవెన్యూ కార్యాలయానికి వెంటబెట్టుకు వెళ్లండి.