నిండుగా తిరిగొచ్చే టిఫిన్ డబ్బా

ఎడపల్లి నుంచి రోజూ బోధన్ కాలేజీకి బస్సెక్కే ఒక పదిహేడేళ్ల పిల్లను ఊహించుకోండి. పొద్దున తల్లి కట్టిచ్చిన డబ్బా సాయంత్రం మూత కూడా తీయకుండా ఇంటికొస్తుంది. అడిగితే "ఆకలైతలేదు అమ్మా" అంటుంది. రెండు నెలలకు కళ్లు తిరిగి పడిపోతే "రక్తం తక్కువుంది" అని ఐరన్ గోళీలు తెస్తారు.

ఆ అనుమానం తప్పేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత కనిపించింది. కానీ ఆ మాట చాటున మరో జబ్బు దాక్కోవచ్చు. అదే అనొరెక్సియా. ఇంట్లో తిండి ఉండి, దొడ్డుగైపోతానన్న భయంతో మానేయడం.

2025 మార్చిలో కేరళలోని కన్నూరు జిల్లాలో 18 ఏళ్ల విద్యార్థిని ఈ జబ్బుతోనే చనిపోయింది. పెట్టిన అన్నం దాచేసి, నెలల తరబడి వేడినీళ్లతో గడిపిందని వార్తలొచ్చాయి.

ఈడొచ్చే వయసులో ఆడపిల్లల తుంట్లకు, తొడలకు కొవ్వు పట్టడం శరీరం చేసుకునే ఏర్పాటు. ఆ కొవ్వు నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్ "నిల్వలున్నాయి" అని మెదడుకు కబురు చేరవేస్తుంది. కబురు అందకపోతే మెదడు నెలసరిని ఆపేస్తుంది. తిండి మానేస్తే కాలేయంలో దాచుకున్న చక్కెర ఒక్క రోజుకే నిండుకుంటుంది. ఆ తర్వాత కొవ్వు, దాంతోపాటే కండ కరుగుతుంది. గుండె కూడా కండే. నాడి నెమ్మదిస్తుంది, చేతులు చల్లబడతాయి, ఒంటి మీద సన్నని నూగు మొలుస్తుంది.

ఇలా తిండి మానడాన్ని మొండితనమంటే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు దాదాపు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, దిగులు కమ్మింది. పస్తు మనసునే మార్చేస్తుంది.

మరి ఆ భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఒకప్పటి ఫిజీ మనలాంటిదే. బొద్దుగా ఉంటే మెచ్చుకుని, ఇంకో ముద్ద తినమని బతిమాలే సమాజం. 1995లో అక్కడి ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. పరిశోధకులు అడిగిన ఆడపిల్లల్లో బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవాళ్లు అప్పటికి ఒక్కరూ లేరు. 1998కల్లా నూటికి 11 మంది తేలారు. ఇప్పుడు ఆ తెర ప్రతి పిల్ల అరచేతిలోకీ వచ్చింది. తెర మీద ఉన్నవాళ్లకూ ఈ ఒత్తిడి తప్పలేదు. 'నువ్వు నాకు నచ్చావ్' నాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న, 31 ఏళ్లకే కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుంది.

పెళ్లిలో, పేరంటంలో పిల్లను చూడగానే "దొడ్డుగైనవేందే" అనడం మానుకుందాం. డబ్బా నిండుగా తిరిగొస్తుంటే, నెలసరి ఆగితే డాక్టర్‌కు ఆ రెండు సంగతులూ తప్పకుండా చెప్పండి. చిక్కిపోయిన పిల్లకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా పెంచాలి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.