పాండవుల గుట్ట బాటకు శ్రమదానం చేసేదెవరు?

వరంగల్: ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి కాకతీయుల నాటివి. అంతకంటే ఎంతో ముందు మనిషి గీసిన బొమ్మలు చూడాలంటే వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, రేగొండ మండలం రావులపల్లి వద్దనున్న పాండవుల గుట్టకు వెళ్లాలి. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఈ గుట్ట 2016లో జరిగిన పునర్విభజన తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో వుంది.

ఇక్కడి రాతి చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు ఎరుపు, పసుపు, తెలుపు రంగుల్లో బండలపై కనిపిస్తాయి. గుట్ట ఎక్కేందుకు, బండలపై తాళ్లతో పాకేందుకు యువకులు కూడా వస్తుంటారు.

ఇది ఇసుకరాయి గుట్ట. కొండబాట వెంట వాననీరు పారితే మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలుతాయి. నడిచేవారు పక్కకు తొక్కుతారు. కొన్నాళ్లకు ఒక బాట మూడవుతుంది. ఆ కొత్త బాట బొమ్మలున్న బండను ఒరుసుకుంటూ పోతే చేతులు తగలక మానవు. వేల ఏళ్లు నిలిచిన రంగు అరిగిపోతే మళ్లీ అద్దేవారు లేరు.

బాటను కాపాడటం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గడ్డపార, పార, తట్ట, కొడవలి చాలు. బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్లు పాతితే నీరు పక్కకు మళ్లుతుంది. అడ్డదారుల్లో ముళ్లకంప వేస్తే జనం అసలు బాటనే పడతారు. ఈ పని వానలకు ముందొకసారి, వానలు వెలిశాక మరోసారి జరగాలి.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఎడారులు, కొండల మీదుగా సుమారు 1,300 కిలోమీటర్ల కాలిబాట వుంది. దాన్ని భాగాలుగా పంచుకుని స్వచ్ఛంద సేవకులే బాగుచేస్తుంటారు. తమ భాగం చెడిపోతే చూడవలసింది తామేనన్న బాధ్యత వారిది.

మనకు శ్రమదానం కొత్త కాదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కింద కళాశాలల విద్యార్థులు ఏటా పల్లెల్లో శిబిరాలు పెడుతున్నారు. అటువంటి శిబిరం ఒకటి ఈ గుట్ట కింద పెట్టరాదా? అడవిలో రాయి కదపాలన్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. బొమ్మలున్న బండల జోలికి పోకుండా, ఊరి పెద్దలను వెంటబెట్టుకుని బాట వరకే పని చేయాలి. వచ్చే వానలకు ముందే అధికారులు, కళాశాలలు కలిసి ఇందుకు పూనుకోవడం అవసరం.