ఒకే వస్తువు, రెండు పేర్లు: క్యాడ్ – ఈఆర్పీ అనుసంధానంలో నామకరణ సమస్య

కీలకపదాలు: క్యాడ్, ఈఆర్పీ, సామగ్రి జాబితా, పార్ట్ నంబరు, రివిజన్, వృత్తిపదకోశం.

1. ప్రవేశిక

ఒక యంత్రాన్ని రూపొందించే ఇంజనీరు దాని ప్రతిభాగాన్నీ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తాడు. ఆ యంత్రానికి కావలసిన సరుకు కొనడం, నిల్వ చూడటం, ఖర్చు కట్టడం ఈఆర్పీ అనే వ్యాపార వనరుల ప్రణాళికా వ్యవస్థలో జరుగుతాయి. ఈ రెండింటి పుట్టుకలు వేరు. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎం.ఐ.టి.లో చేసిన పరిశోధన ఫలితమైన ‘స్కెచ్‌ప్యాడ్’ మొదటిదానికి పూర్వరూపం. అక్కడ ప్రధానమైనది ఆకారం. రెండవది గిడ్డంగి లెక్కల నుంచి ఎదిగింది. సామగ్రి అవసరాల ప్రణాళికపై జోసెఫ్ ఆర్లికీ 1975లో ప్రచురించిన గ్రంథం దానికి శాస్త్రరూపం ఇచ్చింది. ఇక్కడ ప్రధానమైనవి సంఖ్య, తేదీ, ధర.

ఈ రెండింటినీ కలపడం ప్రోగ్రామర్ల పని అని సాధారణంగా భావిస్తారు. సమాచారాన్ని ఒక చోటినుంచి మరొక చోటికి పంపడం నిజానికి ఇందులో సులువైన భాగం. ఏది ఒకే వస్తువు, ఏది వేరే వస్తువు అని నిర్ణయించడమే కష్టం. అది నిఘంటుకారుడికి చిరపరిచితమైన కష్టం. తెలుగు శాఖలవారు ఈ విషయాన్ని పట్టించుకోవడానికి కారణం అదే.

2. రెండు జాబితాలు

నీళ్ల పంపును ఉదాహరణగా తీసుకుందాం. క్యాడ్‌లో దాని భాగాలు కేసింగ్, ఇంపెల్లర్, షాఫ్ట్, బేరింగులు, బోల్టులు. వీటి పట్టికను ‘బిల్ ఆఫ్ మెటీరియల్స్’ అంటారు. ‘సామగ్రి జాబితా’ అనుకోవచ్చు. ఈఆర్పీలోనూ ఇదే పేరుతో ఒక పట్టిక ఉంటుంది. పేరు ఒకటే కావడంతో పట్టికలు కూడా ఒకటే అనుకోవడం సహజం. కాని అవి ఒకటి కావు.

డిజైనరు గీసిన ఇంపెల్లర్ ఒక్కటే, అదీ పూర్తిగా తయారైన రూపంలో. కొనుగోలు శాఖ దృష్టిలో పోతపోసి వచ్చిన ఇంపెల్లర్ ఒకటి, లేత్ పని ముగిసినది మరొకటి. రెండింటికీ వేర్వేరు నంబర్లు, వేర్వేరు ధరలు ఉంటాయి. రంగు, గ్రీజు, ప్యాకింగు పెట్టె సాధారణంగా డ్రాయింగులో కనిపించవు, కాని అవి లేకుండా పంపు బయటికి వెళ్లదు. ఇందుకు విరుద్ధంగా, కొనుక్కొచ్చే మోటారుకు తయారీదారు ఇచ్చిన నమూనాలో ఎన్నో భాగాలు ఉండవచ్చు. ఈఆర్పీకి అది ఒకే వరుస. మొదటిదాన్ని రూపకల్పన జాబితా అనీ, రెండవదాన్ని తయారీ జాబితా అనీ పరిశ్రమ వేరుచేసి చెబుతుంది.

కొలతలదీ ఇదే తీరు. షాఫ్టు కోసం డిజైనరు 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు కడ్డీని 400 మిల్లీమీటర్ల పొడవున చూపిస్తాడు. కడ్డీని కొనేది కిలోల్లో. ఆ కడ్డీ మీటరుకు సుమారు 3.85 కిలోలు తూగుతుంది కాబట్టి షాఫ్టుకు 1.54 కిలోలు, దానిపై కోతలో పోయే తరుగు. ఈ మార్పిడి సూత్రాన్ని ఎక్కడో ఒకచోట రాసి ఉంచకపోతే 400 అనే అంకె కిలోలుగా మారి కొనుగోలు ఆర్డరులోకి చేరడానికి అడ్డేమీ ఉండదు. కొలమానాల పొరపాటు ఎంత దూరం పోగలదో 1999లో నాసా ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ విషయంలో తెలిసింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండు-సెకండ్లలో ఇచ్చిన అంకెలను మరొకటి న్యూటన్-సెకండ్లుగా తీసుకుంది. నౌక అంగారకుడి దగ్గర నశించింది.

3. పర్యాయం, నానార్థం

నిఘంటుశాస్త్రంలోని రెండు మాటలు ఇక్కడ అచ్చంగా పనికివస్తాయి. ఒకే బోల్టును ఇద్దరు డిజైనర్లు రెండు పేర్లతో నమోదు చేస్తే అది పర్యాయం. గిడ్డంగిలో ఒక పేరు కింద నిల్వ మూలుగుతుండగానే రెండవ పేరు మీద కొత్త ఆర్డరు వెళుతుంది. ఒకే నంబరు కింద రెండు భిన్నమైన వస్తువులు చేరితే అది నానార్థం. దీని ప్రమాదం ఎక్కువ. పర్యాయం వల్ల డబ్బు వృథా అవుతుంది. నానార్థం వల్ల తప్పు భాగం యంత్రంలోకి చేరుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. ఒకే పనిముట్టుకు ప్రాంతాన్ని బట్టి మారే పేర్లను ఒకచోటికి తేవాలంటే ముందుగా ఆ పనిముట్టు ఒకటేనని తేల్చుకోవాలి. క్యాడ్, ఈఆర్పీల మధ్య సరిపోల్చే పట్టిక తయారుచేసేవారి పని కూడా ఇదే. తేడా ఒక్కటి. రైతు చెప్పే పేరు తప్పని ఏ కోశకర్తా అనడు, ఉన్నవన్నీ నమోదు చేస్తాడు. ఇక్కడ మాత్రం ఒక పేరును ఉంచి మిగిలినవాటిని తొలగించాలి.

4. మార్పు వచ్చినప్పుడు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. డిజైనరు ఇంపెల్లరు అంచును రెండు మిల్లీమీటర్లు తగ్గించాడనుకుందాం. అది పాత వస్తువేనా? ఇంజనీర్లు పాటించే నియమం ప్రకారం రూపం, అమరిక, పని అనే మూడింటిలోనూ కొత్తది పాతదాని స్థానంలో నిరాక్షేపంగా నిలవగలిగితే నంబరు అదే ఉంటుంది, రివిజన్ అక్షరం మాత్రం మారుతుంది. నిలవలేకపోతే కొత్త నంబరు ఇవ్వాలి. వినడానికి ఇది తేలిక. కాని డిజైనరు చూసేది డ్రాయింగును. గిడ్డంగిలో పాత ఇంపెల్లర్లు 40 ఉన్నాయని, సరఫరాదారు దగ్గర మరో 60 పోతలో ఉన్నాయని క్యాడ్ తెర చెప్పదు. చాలా సంస్థలలో ఈఆర్పీ నిల్వను పార్ట్ నంబరు ప్రకారమే లెక్కిస్తారు, రివిజన్ ప్రకారం కాదు. అప్పుడు పాతవీ కొత్తవీ ఒకే అరలో కలిసిపోతాయి. పంపు నీళ్లు తక్కువ తోడుతోందని వినియోగదారుడు ఫిర్యాదు చేసేదాకా సంగతి బయటపడదు.

కాబట్టి అనుసంధానంలో ఫైలుతోపాటు మరో రెండు విషయాలు ప్రయాణించాలి. కొత్త రూపం ఏ తేదీ నుంచి లేదా ఏ క్రమసంఖ్య నుంచి అమలవుతుందన్నది ఒకటి. ఉన్న నిల్వను వాడేయాలా, సరిదిద్దాలా, తుక్కు కింద వేయాలా అన్నది రెండవది. ఈ రెండవ ప్రశ్నకు జవాబు డ్రాయింగులో ఉండదు, ఖాతాలోనూ ఉండదు. డిజైనరు, కొనుగోలు అధికారి, గిడ్డంగి గుమాస్తా కలిసి చెప్పవలసినది. మార్పు పత్రంపై గుమాస్తా సంతకానికి కూడా చోటుండాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ 40 ఇంపెల్లర్లు ఏ అరలో ఉన్నాయో తెలిసినవాడు అతడే.